ఉపయోగకరమైన ఖర్చులు

నది మీద వేలాడుతూ పోయే రైలు
కిటికీ ముందు నుంచి వెళ్ళిన ప్రతిసారీ
ఇర్మ్‌ట్రౌట్ బల్ల మీద పెన్సిళ్ళు కొద్దిగా వణికేవి.
ముప్పై ఒక్క ఏళ్ళు.
వుపర్టాల్‌లో, నీటి పంపులు చేసే కంపెనీలో,
నాలుగో అంతస్తు, జమాఖర్చుల గది.

ఆ రోజుల్లో ఆ పద్దుకి పేరుండేది:
‘ఉపయోగకరమైన ఖర్చులు’.
ఆకుపచ్చ సిరాతో రాసేది
ఏ దేశం, ఏ శాఖ, ఎంత శాతం.
సరిహద్దు దాటి ఇచ్చిన లంచానికి
పన్నులో మినహాయింపు ఉండేది అప్పట్లో.
దొంగలెక్క కాదు, చట్టమే అలా ఉండేది.
పన్నుల అధికారి వచ్చి, కళ్ళజోడు తుడుచుకుని,
అంకెలన్నీ కూడి, సరిపోయాయని చెప్పి
కాఫీ తాగి వెళ్ళేవాడు.

తప్పు చేస్తున్నానని ఆమెకెప్పుడూ అనిపించలేదు.
కూడిక తప్పితే మాత్రం
ఆ రాత్రి నిద్ర పట్టేది కాదు.

తర్వాత చట్టం మారింది.
పారిస్‌లో చాలా దేశాలవాళ్ళు కూచుని
పరాయి అధికారికి ఇచ్చినా లంచం లంచమేనని
సంతకాలు పెట్టారట.
సోమవారం పొద్దున మేనేజరు ఫోల్కర్ట్ వచ్చి
పాత పద్దు కొట్టేయించాడు,
స్కేలు పెట్టి, ఎర్రగీత.
మంగళవారం కొత్తది తెరిపించాడు:
‘సలహా రుసుము’.
సలహాదారు ఎవరయ్యా అంటే
సైప్రస్‌లో ఒక పోస్టు డబ్బా.

పోస్టు డబ్బా ఏం సలహా ఇస్తుందని
ఆమె అడగలేదు.
అడగనందుకు నాకెవరూ ఏమీ ఇవ్వలేదు,
అది కూడా రాసుకోండి, అంది ప్రాసిక్యూటరుతో.
క్రిస్మస్‌కి ఒక బాతు. అంతే.

అతను రాసుకున్నాడు.
ఫైల్లోంచి ఒక ఫోటో తీసి ఆమె ముందుకు జరిపాడు.

మొజాంబిక్. కెలిమానె ఊరి చివర.
పంపు వాళ్ళదే, మూతి మీద కంపెనీ ముద్ర తెలుస్తోంది.
మోటారు గుల్లలో కోడి పొదుగుతోంది.
పక్కన నిలబడ్డావిడ పేరు ఫెలిజ్మీనా అని
వెనకాల పెన్సిలుతో ఉంది.
పసుప్పచ్చ డబ్బా, ఇరవై లీటర్లది,
కాళ్ళ దగ్గర వెల్లకిలా.
నవ్వడం లేదు, కోపంగానూ లేదు.
కెమెరా పట్టుకున్నవాడు
నీళ్ళ కోసం వచ్చిన మనిషేమో అన్నట్టు చూస్తోంది.

పన్నెండు శాతం, అంది ఇర్మ్‌ట్రౌట్.
ఏమిటది?
ఈ ఊరి పద్దు. నాకు గుర్తుంది.
పన్నెండూ పంపు ధరలో కలిపాం.
అక్కడికీ లెక్క కుదరక
పైపుల మందం తగ్గించాం.

తడవాల్సిన చేతులు తడిశాయి.
కొళాయి తడవలేదు.

తీర్పు వచ్చింది. కోట్ల యూరోల జరిమానా.
ఫోల్కర్ట్‌కి రెండేళ్ళు, అదీ ఇంట్లోనే ఉండి.
చట్టం చెడ్డదేం కాదు,
ఆలస్యంగా లేచినా లేచింది,
తలుపు తట్టింది, మెడపట్టి అడిగింది.
కాకపోతే వసూలైన సొమ్ము
నదికి ఈవలి ఖజానాకే చేరింది.
ఫెలిజ్మీనా ఏ కాగితంలోనూ బాధితురాలు కాదు.
వస్తువు నంబరు పద్నాలుగులో, ఎడమవైపు.

ఆ ఏడే ఊరి ఈతకొలనుకి కొత్త పలకలు వేశారు, నీలంవి.
ఆ డబ్బేనని ఎవరూ అనలేదు.
కాదనీ అనలేదు.

మోకాళ్ళ నొప్పికి మంచిదని
గురువారాలు ఆమె అక్కడికే పోతుంది.
గొంతు దాకా గోరువెచ్చటి నీళ్ళలో నిలబడి
పొడవు ఇరవై అయిదు మీటర్లు, వెడల్పు పన్నెండున్నర,
లోతు రెండు అనుకుందాం అనుకుంది.
ఇరవై లీటర్ల డబ్బాలైతే
ముప్పై ఒక్క వేల రెండొందల యాభై.

వేళ్ళు ముడతలు పడేదాకా ఉండి
ఇంటికొచ్చి, పాత రసీదు వెనక
ఆకుపచ్చ సిరాతో మళ్ళీ వేసి చూసింది.
కూడిక సరిగ్గానే ఉంది.

నిద్ర పట్టలేదు.